శుక్రవారం సైట్ తెరుస్తున్నాం. పేమెంట్లన్నీ పాస్ అయ్యాయి, ఇంకేమైనా చూడాలా?

మగ్గం_వారసుడు | జూలై 16, 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. నాన్నకి చిన్న చీరల కొట్టు ఉంది. ఒకప్పుడు ఇంట్లోనే రెండు మగ్గాలుండేవి, ఇప్పుడు బయట నేయిస్తున్నాం. నేను హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం మానేసి వచ్చి ఆరు నెలలైంది. వర్డ్‌ప్రెస్ అనే సైట్ సాఫ్ట్‌వేర్ మీద, దుకాణం నడిపే వూకామర్స్ అనే ప్లగిన్ (అదనపు ప్రోగ్రామ్) పెట్టి సైట్ చేశాను, డబ్బు తీసుకునే గేట్‌వే రేజర్‌పే. ఈ నెల 25న, శ్రావణం మొదటి శుక్రవారం తెరవాలని నాన్న ముహూర్తం పెట్టేశాడు. అమావాస్య దాటేదాకా వద్దన్నాడు కాబట్టి ఈ పది రోజులైనా దొరికాయి.

టెస్ట్ మోడ్‌లో, అంటే అసలు డబ్బు కదలకుండా, చూసినవి ఇవి. కార్డు 4111 1111 1111 1111 పాస్. యూపీఐలో సక్సెస్@రేజర్‌పే అనే టెస్ట్ ఐడీ కొడితే పాస్, ఫెయిల్యూర్@రేజర్‌పే కొడితే ఫెయిల్ అని సరిగ్గానే చూపిస్తోంది. నెట్‌బ్యాంకింగ్ పాస్. మెయిల్ వస్తోంది. మొత్తం 14 ఆర్డర్లు పెట్టాను, 14 సక్రమంగా పడ్డాయి. ఇక అసలు డబ్బు తీసుకునే లైవ్ కీలు (గేట్‌వే ఇచ్చే కోడ్‌లు) పెట్టి తెరిచేయడమేనా?

తొందరరాముడు | రాత్రి 11:05

తెరిచెయ్ బ్రదర్. 14కి 14 పాసైతే ఇంకేం చూస్తావ్? నేను బెజవాడలో సున్నుండలు, కారప్పొళ్ళు అమ్మబట్టి మూడేళ్ళు. సైటూ లేదు, గేట్‌వేనూ లేదు. వాట్సాప్‌లో క్యూఆర్ పంపుతా, వాళ్ళు స్క్రీన్‌షాట్ పెడతారు, పార్శిల్ కట్టేస్తా. మొదటి వారం ఎటూ మీ చుట్టాలే కొంటారు. తప్పులుంటే వాళ్ళే ఫోన్ చేసి తిడతారు, అప్పుడు సరిచేసుకో.

బగ్గులక్క | రాత్రి 11:48

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఆ 14 ఆర్డర్లూ పెట్టిందెవరు? నువ్వే. ఎక్కడి నుంచి? నీ ల్యాప్‌టాప్ నుంచి, ఇంట్లో వైఫై మీద. సైట్ కట్టిన నీకు ఎక్కడ నొక్కాలో తెలుసు కాబట్టి ఒక్కసారి కూడా తప్పు చోట నొక్కి ఉండవు. టెస్టింగ్‌లో పదకొండేళ్ళ నుంచి ఉన్నా. "అంతా పాస్" అని డెవలపర్ అన్నాకే నేను టీ తెచ్చుకుని కూర్చుంటా.

ఇంకో మాట. ఫెయిల్యూర్@రేజర్‌పే అనేది మర్యాదస్తుడి వైఫల్యం. "అయ్యా, కాలేదండి" అని చెప్పి మరీ వెళ్తుంది. బయట జరిగేది అలా ఉండదు. డబ్బు కట్ అవుతుంది, ఫోన్‌లో బ్రౌజర్ చచ్చిపోతుంది, నీ సైట్‌కి కబురే అందదు. యూపీఐలో ఈ బెడద మరీ ఎక్కువ. కట్టేవాళ్ళు నీ పేజీ వదిలి ఫోన్‌పేకో గూగుల్ పేకో వెళ్ళి, పిన్ కొట్టి, మళ్ళీ నీ పేజీకి రావాలి. సగం మంది రారు. బ్యాంకు మెసేజ్ చూసుకుని, అయిపోయిందిలే అని ఫోన్ పక్కన పెట్టేస్తారు.

రేపు ఇది చెయ్యి. టెస్ట్ మోడ్‌లో నెట్‌బ్యాంకింగ్ ఎంచుకుంటే సక్సెస్, ఫెయిల్యూర్ అని రెండు బటన్లతో ఉత్తుత్తి బ్యాంకు పేజీ వస్తుంది కదా. సక్సెస్ నొక్కకముందు, వెనకున్న నీ షాపు ట్యాబ్ మూసెయ్. అప్పుడు నొక్కు. అయిదు నిమిషాలాగి రెండు చోట్ల చూడు: గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఏముంది, వూకామర్స్ ఆర్డర్లలో ఏముంది. రెండూ ఒకే మాట చెప్తే నేను ఇంకేమీ అనను.

మగ్గం_వారసుడు | జూలై 17, సాయంత్రం 6:12

అక్కా, మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గేట్‌వేలో డబ్బు వచ్చినట్టుంది. నా ఆర్డర్ల పేజీలో మూడూ "పెండింగ్ పేమెంట్" అనే కూర్చున్నాయి. పావుగంటైనా మారలేదు. వెబ్‌హుక్ (డబ్బు పడగానే గేట్‌వే నేరుగా నా సైట్‌కి కబురు పంపే ఏర్పాటు) పెట్టాను, దాని అడ్రస్ కూడా సరిచూశాను. ఇదే లైవ్‌లో అయితే 1,850 రూపాయలు కట్టిన మనిషికి మెయిలూ లేదు, చీరా లేదు.

ఓరుగల్లు_డెవ్ | సాయంత్రం 6:40

అన్నా, సైట్ ఇంకా తెరవలే అన్నవ్ కదా. ముంగట "త్వరలో వస్తున్నాం" పేజీ ఏమన్న పెట్టినవా?

మగ్గం_వారసుడు | సాయంత్రం 6:43

పెట్టాను. దానికో ప్లగిన్ ఉంది. నేను అడ్మిన్‌గా లాగిన్ అయి ఉంటాను కాబట్టి నాకు మామూలు సైటే కనబడుతుంది.

ఓరుగల్లు_డెవ్ | సాయంత్రం 6:58

గదే. నీకు కనబడ్తది, గేట్‌వే ఏమన్న నీ లెక్క లాగిన్ అయి వస్తదా? అది తలుపు కొడుతున్నది, నీ ప్లగిన్ "దుకాణం ఇంకా తెరవలే" అని 503 (సైట్ ఇప్పుడు అందుబాటుల లేదనే కోడ్) పంపుతున్నది. డ్యాష్‌బోర్డుల వెబ్‌హుక్ లాగ్ తీసి చూడు, వరుసగా ఎర్రగ ఉంటయి. నాకు గిది రెండు సైట్లల్ల అయింది. మొదటిసారి ఒక రాత్రంత కోడ్ చదివిన, తప్పు కోడ్‌లనే లేదు.

ఆ ఒక్క అడ్రస్‌ను ప్లగిన్‌ల మినహాయించు. హోస్టింగ్‌ల ఫైర్‌వాల్ ఉంటే అండ్ల కూడ చూడు, కొన్నిట్ల బయటి నుంచి వచ్చే ఇసొంటి కబురును బాట్ అనుకొని ఆపుతయి.

ఇంకొకటి ఇప్పుడే రాసి పెట్టుకో, 24 రాత్రి యాదికి రాదు. టెస్ట్ మోడ్ వెబ్‌హుక్ వేరు, లైవ్ మోడ్ వెబ్‌హుక్ వేరు. కీలు ఒక్కటే మారిస్తే సరిపోదు, లైవ్‌ల మళ్ళ కొత్తగ వెబ్‌హుక్ పెట్టాలె, దాని రహస్య పదాన్ని మళ్ళ సైట్‌ల ఎక్కియ్యాలె. లేకుంటే డబ్బు పడుతనే ఉంటది, ఆర్డర్లు పెండింగ్‌లనే ఉంటయి.

తొందరరాముడు | రాత్రి 7:20

ఇన్ని తలనొప్పులా! అందుకే అంటున్నా, క్యూఆర్ కోడే నయమని. డబ్బు నేరుగా మన ఖాతాలో పడుతుంది, 2 శాతం గేట్‌వే ఫీజు కూడా ఎవడికీ ఇవ్వక్కర్లేదు.

పద్దుల_పంతులు | రాత్రి 8:03

రాముడు గారూ, స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కడుతున్నారా, ఖాతా చూసి కడుతున్నారా?

తొందరరాముడు | రాత్రి 8:11

...ఒక్కసారి మోసపోయా లెండి. రెండు కిలోల సున్నుండలు. స్క్రీన్‌షాట్ ఎడిట్ చేసి పంపాడు, తేదీ కూడా ఆ రోజుదే. ఆ రోజు నుంచి మా ఆవిడ ఖాతా చూసి ఊఁ అంటేనే కడుతున్నా.

పద్దుల_పంతులు | రాత్రి 8:35

వారసుడు గారూ, మీ "పెండింగ్" సంగతిలో ఒక అపోహ తొలగించాలి. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే అయిదు రోజుల్లో దానంతట అదే వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాలోంచి డబ్బు పోయి వ్యాపారి వైపు నిర్ధారణ అందకపోతే లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోపు వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం. అది నిజమే.

కానీ మీ విషయంలో గేట్‌వేకి నిర్ధారణ అందింది. తెలియనిది మీ వర్డ్‌ప్రెస్‌కి మాత్రమే. బ్యాంకు లెక్కలో అది సవ్యంగా పూర్తయిన లావాదేవీ. అయిదు రోజులు కాదు, అయిదు నెలలు ఆగినా తనంతట వెనక్కి పోదు. డబ్బు మీ దగ్గరే ఉంటుంది, కొన్నావిడ బ్యాంకుకి ఫోన్ చేస్తే "సక్సెస్ అనే ఉందమ్మా" అంటారు. ఆవిడ దృష్టిలో మోసం చేసింది మీరు.

మగ్గం_వారసుడు | జూలై 18, ఉదయం 7:30

డెవ్ అన్నా, లాగ్ తీశాను. 503, 503, 503, వరుసగా పదిహేడు. మినహాయింపు పెట్టి, ట్యాబ్ మూసేసి మళ్ళీ చేశాను. సుమారు నలభై సెకన్లలో ఆర్డర్ "ప్రాసెసింగ్"లోకి వచ్చింది. పాత మూడు ఆర్డర్లు కూడా కాసేపటికి వాటంతట అవే సరయ్యాయి, నేనేమీ చేయలేదు.

పంతులు గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. "మంగళగిరిలో ముప్పై ఏళ్ళ పేరు ముప్పై నిమిషాల్లో పోతుందన్నమాట" అన్నాడు. ఇవాళ్టి నుంచి ఆయనా టెస్ట్ చేస్తాడట.

ఓరుగల్లు_డెవ్ | ఉదయం 8:02

పాతయి సరైనయంటే గేట్‌వే మళ్ళ మళ్ళ కొడుతున్నదన్నట్టు. జవాబు రాకుంటే 24 గంటల దాక ప్రయత్నం చేస్తది. అందుకే ఇది కూడ చూడు: ఒకే కబురు రెండుసార్లు వస్తే ఏమైతది? మెయిల్ రెండు పోతున్నయా, స్టాక్ రెండు తగ్గుతున్నదా? నువ్వు సొంతంగ రాసిన కోడ్ ఏమన్న ఆ కబురు మీద ఆధారపడి ఉంటే అండ్లనే దెబ్బ తింటవ్.

బగ్గులక్క | ఉదయం 9:15

స్టాక్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. తమ్ముడూ, ఒక్కో చీర ఎన్ని పీసులుంటాయి?

మగ్గం_వారసుడు | ఉదయం 9:22

ఒక్కటే అక్కా. చేనేత కదా. అదే రంగు, అదే బార్డర్ మళ్ళీ నేయించినా అచ్చం అలా రాదు. 62 చీరలు ఫొటో తీసి పెట్టాను, అన్నిటికీ స్టాక్ 1. జాకెట్టు గుడ్డలకి మాత్రమే పది, పన్నెండు అలా ఉంటాయి.

బగ్గులక్క | ఉదయం 9:31

అయితే నీ సైట్‌లో అసలు ప్రమాదం వెబ్‌హుక్ కాదు. సబ్బులమ్మేవాడికి స్టాక్ ఒకటి తేడా వస్తే గోడౌన్‌లోంచి ఇంకోటి తీసిస్తాడు. నీకు ఇంకోటి లేదు.

ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు కావాలి. ఇద్దరూ ఒకే చీర బండిలో (కార్ట్‌లో) వేసుకోండి. ఇద్దరూ చిరునామా రాయండి. నువ్వు మూడంకెలు లెక్కపెట్టు, ఇద్దరూ ఒకేసారి ఆర్డర్ నొక్కండి, ఇద్దరూ పేమెంట్ పూర్తి చెయ్యండి.

మగ్గం_వారసుడు | రాత్రి 9:50

చేశాం. నా ఫోన్, అమ్మ ఫోన్. నెమలికంఠం రంగు చీర, ఒక్కటే ఉంది. అమ్మకి పేమెంట్ అయింది. నాకూ అయింది. ఇద్దరికీ "మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు" అని మెయిల్. స్టాక్ మైనస్ 1 చూపిస్తోంది. అమ్మ నవ్వి "నాదే ముందు అయింది, చీర నాది" అని పెట్టె మూసేసుకుంది.

ఓరుగల్లు_డెవ్ | రాత్రి 10:05

వూకామర్స్ సెట్టింగుల్ల ప్రొడక్ట్స్, అండ్ల ఇన్వెంటరీ. "హోల్డ్ స్టాక్" అని నిమిషాల డబ్బ ఉంటది. మామూలుగ 60 ఉంటది. నీదాంట్ల ఎంతున్నది?

మగ్గం_వారసుడు | రాత్రి 10:09

ఖాళీగా ఉంది. ఏదో వీడియోలో చెప్పారు, దాన్ని ఖాళీ చేస్తే కస్టమర్ల ఆర్డర్లు వాటంతట అవి రద్దు కావని.

ఓరుగల్లు_డెవ్ | రాత్రి 10:24

నిజమే, రద్దు కావు. కాని ఖాళీ పెడితే పట్టి ఉంచుడు కూడ ఉండదు. నిమిషాలు ఉంటేనే, ఒకరు ఆర్డర్ నొక్కినంక ఆ చీర ఆ నిమిషాల వరకు వాళ్ళ పేరు మీద ఆగుతది. రెండో మనిషి నొక్కితే సరిపోను స్టాక్ లేదంటది, పేమెంట్ దాక పోనియ్యదు.

ఎన్ని నిమిషాలు పెట్టాలె అనేది నీ ఇష్టం. మరీ అయిదు పెడితే, యూపీఐల పైసలు ఆలస్యంగ వచ్చినప్పుడు ఆర్డర్ రద్దయి ఉంటది, చీర వేరేటోళ్ళు కొనుక్కపోతరు, అప్పుడు పైసలు దిగుతయి. నా దగ్గర అట్ల అయింది, రద్దయిన ఆర్డర్ మళ్ళ ప్రాసెసింగ్‌లకి లేచి వచ్చింది దయ్యం లెక్క. మరీ 60 పెడితే ఒకామె ఆర్డర్ నొక్కి కట్టకుండ అన్నం తినవోతే గంటసేపు ఆ చీర ఎవ్వరికి దొరకదు. నేనైతే 20 పెడత.

ఆ రద్దు చేసే పని వర్డ్‌ప్రెస్ క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది) మీద నడుస్తది, అది ఎవరన్న సైట్‌కి వస్తెనే కదులుతది. కొత్త సైట్, రాత్రి పూట ఎవ్వరు రారు. హోస్టింగ్ ప్యానెల్‌ల అసలు క్రాన్ పెట్టు, అయిదు నిమిషాలకు ఒకసారి.

డాలస్_బాబాయి | జూలై 19, ఉదయం 6:30

బాబూ, ఇప్పుడే చూశాను ఈ చర్చ. ఇక్కడ మేం స్ట్రైప్ అనే గేట్‌వే వాడతాం. 4242లు వరసగా కొడితే పాస్, నిధులు లేనట్టు, బ్యాంకు తిరస్కరించినట్టు, ఇలా ఒక్కో రకం వైఫల్యానికి ఒక్కో కార్డు నంబరు ఇస్తారు. అన్నీ కొట్టి చూడటం నాకు అలవాటు. కానీ నీకు చెప్పాల్సింది వేరే.

మా ఆవిడ తెనాలిలో వాళ్ళమ్మకి చీర పంపాలనుకుంటుంది. డబ్బు కట్టే చిరునామా టెక్సస్, చేరాల్సింది తెనాలి. ఇలాంటి కేసు ఒక్కటైనా పెట్టి చూశావా? మా జిప్ కోడ్ అయిదంకెలే, నీ ఫారం ఆరంకెలు లేకపోతే ఎర్రగీత వేస్తుందేమో. మా ఫోన్ నంబరు +1తో మొదలు. పైగా విదేశీ కార్డులు తీసుకోవడానికి గేట్‌వేలో విడిగా అనుమతి తీసుకోవాలి, అది లేకుండా మావాళ్ళందరికీ లింకు పంపావో, నీ మీద కాదు మా బ్యాంకుల మీద అరుస్తారు.

మగ్గం_వారసుడు | ఉదయం 10:15

బాబాయి గారూ, ఎర్రగీతే వేసింది. "సరైన పిన్‌కోడ్ ఇవ్వండి" అంది. ప్రస్తుతానికి చెల్లింపు, డెలివరీ రెండూ ఇండియా వరకే పెడుతున్నా. విదేశీ కార్డుల అనుమతి వచ్చాక మీ ఆవిడ గారితోనే మొదటి టెస్ట్.

ఇప్పుడు నాన్న సంగతి. నిన్న రాత్రి ఆయన పాత ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, "ఒక చీర కొను" అని పక్కన కూర్చున్నా. నోరెత్తకూడదని ముందే అనుకున్నా. చాలా కష్టం.

చిరునామా తెలుగులో కొట్టాడు. "రామాలయం వీధి, పాత మంగళగిరి" అని శుభ్రంగా. ఆర్డర్‌లో బాగానే పడింది. బిల్లు పీడీఎఫ్ తీస్తే అన్నీ ఖాళీ డబ్బాలు. రూపాయి గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం! అంటే 14 ఆర్డర్లు పెట్టి నేను ఒక్కసారి కూడా బిల్లు తెరిచి చూడలేదు.

ఫోన్ నంబరు ముందు సున్నా పెట్టాడు. ఫారం ఒప్పుకుంది, కొరియర్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు.

కూపన్ అడిగే డబ్బా చూసి పది నిమిషాలు ఆగిపోయాడు. "ఏం రాయాలిరా ఇక్కడ? రాయకపోతే ఇవ్వరా?" అని. చివరికి తన పేరు రాశాడు. "ఈ కూపన్ చెల్లదు" అని ఎర్రగా వచ్చేసరికి చీర ఇవ్వరేమో అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆ డబ్బా తీసేశాను.

వెనక్కి బటన్ నాలుగుసార్లు నొక్కాడు, ఏమీ చెడలేదు. నాకు దక్కిన పాస్ అదొక్కటే.

బగ్గులక్క | ఉదయం 10:40

మీ నాన్నగారిని మా కంపెనీకి పంపు, రేపే ఆఫర్ లెటర్.

పీడీఎఫ్ సంగతి: ఆ బిల్లు ప్లగిన్ వాడే మామూలు ఫాంటులో తెలుగు అక్షరాలు, రూపాయి గుర్తు లేవు. ఫాంటు మార్చినా ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి కొన్నిట్లో. "క్ష్మి" అనే అక్షరంతో చూడు. కుదరకపోతే రూపాయి గుర్తు బదులు "రూ." పెట్టి, చిరునామా ఇంగ్లిష్‌లో రాయమని ఆ గడి పక్కనే మర్యాదగా చెప్పు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, కొరియర్ కుర్రాడికి అదే సుఖం.

ఆర్డర్ మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా కూడా పంపుతున్నావా? డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లని నమోదు చేసే టెలికాం వ్యవస్థ) ఆ మెసేజ్ టెంప్లేట్ నమోదు చేయించావా? అందులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మెసేజ్ పోదు, పోలేదని నీకు ఎవరూ చెప్పరు.

పద్దుల_పంతులు | ఉదయం 11:20

బిల్లు తెరిచారు కాబట్టి మూడు విషయాలు.

హైదరాబాద్ చిరునామాతో ఒక ఆర్డర్ పెట్టి బిల్లు చూడండి. ఆంధ్రప్రదేశ్ లోపల అయితే 5 శాతం జీఎస్టీని సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్జీఎస్టీ (రాష్ట్రానిది)గా చెరి సగం చూపాలి. తెలంగాణకి పంపితే మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలది). 2014కి ముందు అలవాటులో చాలామంది ఇది మర్చిపోతారు.

రెండోది, 999 రూపాయల వస్తువు ఏదైనా ఉంటే దానితో చూడండి. పన్ను కలిపిన ధర 999 అయితే అసలు 951.43. సగం పన్ను 23.785 చిల్లర, గుండ్రం చేస్తే 23.79. రెండు 23.79లు కలిపితే బిల్లు 999.01 అవుతుంది. గేట్‌వేలో పడింది 999. ఆ ఒక్క పైసా కోసం సంవత్సరాంతంలో నా దగ్గర కూర్చుని తలలు పట్టుకున్నవాళ్ళున్నారు.

మూడోది, మీ 14 టెస్ట్ ఆర్డర్లకీ బిల్లు నంబర్లు పడ్డాయా? జీఎస్టీ రూల్ 46 ప్రకారం బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. మొదటి అసలు బిల్లు 31వ నంబరుతో మొదలైతే ముందు 30 ఏవి అని అడుగుతారు. తెరిచేముందు టెస్ట్ ఆర్డర్లన్నీ తీసేసి వరసని ఒకటికి తెండి.

డాలస్_బాబాయి | ఉదయం 11:45

పంతులు గారి పైసా చూసి గుర్తొచ్చింది. గేట్‌వేకి మొత్తాన్ని రూపాయల్లో కాదు, పైసల్లో పంపాలి. 500 రూపాయలంటే 50000. ఎవరైనా సొంత కోడ్ రాస్తే 100తో గుణించి ఊరుకుంటారు. జావాస్క్రిప్ట్‌లో 19.99ని 100తో గుణిస్తే 1999 రాదు, 1998.9999999999998 వస్తుంది. దశాంశాలు కోసేస్తే ఒక పైసా హాంఫట్. కోయకు, గుండ్రం చెయ్యి.

మగ్గం_వారసుడు | జూలై 21, రాత్రి 11:10

రెండు రోజులు కనబడలేదు, క్షమించండి. బిల్లు ప్లగిన్ మార్చాను. ఐజీఎస్టీ సరిచేశాను. 999 జాకెట్టు గుడ్డని 1,000 చేశాను పంతులు గారూ, పైసా గొడవ నాకొద్దు. (మళ్ళీ చూస్తే 1,000కి సరిగ్గానే వస్తోంది: 952.38, 23.81, 23.81.) హోల్డ్ స్టాక్ 20 నిమిషాలు. అమ్మా నేనూ మళ్ళీ రెండు ఫోన్లతో కూర్చున్నాం. ఈసారి అమ్మకే దొరికింది, నాకు స్టాక్ లేదంది.

ఇంకో చిక్కు వచ్చింది. ఆ చీరలు కొట్లో కూడా ఉన్నాయి కదా. ఆదివారం మధ్యాహ్నం నేను టెస్ట్ చేస్తుండగానే నాన్న సైట్‌లో ఉన్న గంధం రంగు చీర కౌంటర్ మీద ఎవరికో అమ్మేశాడు. దీన్ని ఏ సెట్టింగు ఆపుతుంది?

ఓరుగల్లు_డెవ్ | రాత్రి 11:25

ఏ సెట్టింగూ ఆపదన్నా. ఆన్‌లైన్ల పెట్టిన చీరలు వేరే బీరువల పెట్టి తాళం నీ దగ్గర ఉంచుకో.

తొందరరాముడు | రాత్రి 11:31

ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటా. మా ఇంట్లో ఆర్డర్‌కి కట్టిన డబ్బాలోంచే పిల్లలు సున్నుండలు తీసేస్తారు.

మగ్గం_వారసుడు | జూలై 23, రాత్రి 8:45

బీరువా వచ్చింది. తాళం అమ్మ దగ్గర.

ఇవాళ లైవ్ కీలు పెట్టాను, లైవ్ వెబ్‌హుక్ కొత్తగా పెట్టాను. 1 రూపాయికి ఎవరికీ కనబడని వస్తువొకటి చేసి, మొబైల్ డేటా మీద, నాన్న ఫోన్‌లో, ఆయన ఖాతా నుంచే కట్టించాను. పిన్ కొట్టగానే బ్రౌజర్‌ని మూసేశాను. కాసేపటికి ఆర్డర్ ప్రాసెసింగ్‌లోకి వచ్చింది, మెయిల్ వచ్చింది, ఎస్సెమ్మెస్ కూడా వచ్చింది. తర్వాత సైట్ నుంచే రిఫండ్ నొక్కాను. "నా రూపాయి వచ్చిందా?" అని గంటకోసారి అడుగుతున్నాడు. వారం రోజులు పట్టొచ్చంటే, "కొట్లో అయితే చేతిలో పెట్టేవాణ్ణి" అంటాడు.

1,850కి మనకెంత వస్తుందని కూడా అడిగాడు. 2 శాతం అంటే 37, దాని మీద 18 శాతం జీఎస్టీ 6.66. చేతికొచ్చేది 1,806.34. కాసేపు ఆలోచించి, "బేరమాడేవాళ్ళు అంతకన్నా ఎక్కువే తగ్గించమంటారులే" అన్నాడు.

బగ్గులక్క | రాత్రి 9:10

చివరిగా రెండు. వర్డ్‌ప్రెస్ టైమ్‌జోన్ చూశావా? మార్చకపోతే యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. శ్రావణం ఆఫర్ అర్ధరాత్రితో అయిపోవాలంటే మనకు పొద్దున్న 5:30 దాకా నడుస్తుంది. పేజీలు వేగంగా రావడానికి క్యాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచి ఉంచేది) పెట్టి ఉంటే, బండి, చెకౌట్ పేజీలని అందులోంచి తీసెయ్. లేకపోతే ఒకళ్ళ బండి ఇంకొకళ్ళకి కనబడే రోజు వస్తుంది.

మగ్గం_వారసుడు | జూలై 25, ఉదయం 9:20

తెరిచాం. నాన్న ల్యాప్‌టాప్‌కి పసుపు కుంకుమ పెట్టాడు, కీబోర్డు మీద పడకుండా ఆపాను. టైమ్‌జోన్ యూటీసీలోనే ఉంది అక్కా, మార్చాను. 61 చీరలు ఉన్నాయి. లింకు నా ప్రొఫైల్‌లో పెట్టాను.

తెనాలి_చీరలపిచ్చి | ఉదయం 9:41

వారం రోజులుగా ఇది సీరియల్‌లా చదువుతున్నా, ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఆకుపచ్చకి ఎర్ర నిజాం బార్డర్ చీర కొట్టేశా. యూపీఐలో కట్టి, కావాలనే తిరిగి పేజీకి రాకుండా ఫోన్ పక్కన పెట్టేశా. మెయిల్ వచ్చింది!

బగ్గులక్క | ఉదయం 9:44

ఆ ఆకుపచ్చదా? అది నా బండిలో ఉంది! చిరునామా రాసి, ఆర్డర్ నొక్కితే స్టాక్ లేదంటోంది. డబ్బు కట్ కాలేదు, తెల్ల పేజీ రాలేదు, మెయిల్ రాలేదు.

పాస్, తమ్ముడూ. కానీ అలాంటిది ఇంకోటి ఎప్పుడు నేయిస్తావు?

మగ్గం_వారసుడు | ఉదయం 9:52

నాన్నని అడిగా అక్కా. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం లోపు మగ్గం మీంచి దింపుతాం, బార్డర్ మాత్రం అచ్చం అలా వస్తుందని మాట ఇవ్వలేనంటున్నాడు. తన రూపాయి ఇంకా రాలేదని కూడా రాయమన్నాడు.